మంచి రోజున ఆగడం

(విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఉదయపు నడక మిత్రులు ఏర్పాటు చేసుకున్న కూడికలో, క్రేన్ ఆపరేటరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం.

మొదట ఒక మనవి. కుర్చీలో కూర్చోవడం కష్టమైనవాళ్లు లేచి నిలబడండి. వెనక గోడకు ఆనుకోండి, వరండాలోకి వెళ్లి నాలుగడుగులు వేసి రండి. నేను ఏమీ అనుకోను. పక్కవాళ్లు ఏమనుకుంటారో అని పంటి బిగువున కూర్చుని, ఆ రాత్రంతా ఏ పక్కకు తిరిగినా నిద్ర పట్టక గడపడం మనలో చాలామందికి తెలుసు. ఇక్కడ ఆ అవసరం లేదు. నేను కూడా నా చేతి గడియారం విప్పి ఈ బల్ల మీద పెట్టుకుంటున్నాను.

నేను డాక్టరును కాను. ఒక కర్మాగారంలో 28 ఏళ్లు క్రేన్ నడిపాను. ఆ క్రేను షెడ్డు కప్పు కింద, అటూ ఇటూ ఉన్న పట్టాల మీద తిరుగుతుంది. క్యాబిన్ అంత ఎత్తున వేలాడుతూ ఉంటుంది. కొక్కెం ఎక్కడికి దిగిందో, కింద సైగ చేసే మనిషి చెయ్యి ఎటు ఊపుతున్నాడో కనిపించాలంటే సీటు అంచుకు జరిగి, ముందుకు వంగి, మెడ పూర్తిగా దించి చూడాలి. ఎనిమిది గంటలూ అదే చూపు. క్రేను కదిలినప్పుడల్లా, ఆగినప్పుడల్లా ఆ అదురంతా సీటులోంచి నడుములోకి ఎక్కుతుంది. నాకు ముందు మెడ పట్టేసింది. నడుము తర్వాత వచ్చింది. నా 41వ ఏట ఒక రోజు షిఫ్టు దిగి, నిచ్చెన ఆఖరి మెట్టు మీద నుంచి నేల మీద కాలు పెట్టగానే నడుములో కలుక్కుమంది. అక్కడే రెయిలింగు పట్టుకుని చాలాసేపు ఉండిపోయాను.

అప్పటి నుంచి ఈ నొప్పి నాతోనే ఉంది. మూడు నెలలు దాటిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలపు నొప్పి అంటారు. నాది రెండు దశాబ్దాలు దాటింది. దీనితో బతకడం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మీరు అంత ఆలస్యం చేయకూడదని ఇక్కడికి వచ్చాను.

ఎం.ఆర్.ఐ. తీయించిన రోజు గురించి చెబుతాను. రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. మా పెద్దమ్మాయి అప్పుడు ఇంటర్ చదువుతోంది. మంచం మీద నా పక్కన కూర్చుని, కాగితం చూస్తూ ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పింది. "నాన్నా, డిస్కులు అరిగాయట. రెండు చోట్ల ఉబ్బాయట." మర్నాటి నుంచి నేను వంగడం మానేశాను. చెప్పుల పట్టీలు మా ఆవిడ పెట్టేది. కింద పడ్డ పెన్ను తీయడానికి పిల్లల్ని పిలిచేవాడిని. వెన్నుపూసల మధ్య డిస్కు అంటే తడిసిన సబ్బు ముక్కలాంటిదని, ఏమరుపాటున వంగితే జారి బయటికి వచ్చేస్తుందని నా మనసులో ఒక బొమ్మ స్థిరపడిపోయింది.

అది తప్పు బొమ్మ. "డిస్కు జారింది" అనే మాట మన ఇళ్లలో చాలా హాని చేస్తోంది. డిస్కు పైపూసకూ కిందిపూసకూ గట్టిగా అతుక్కుని ఉంటుంది, జారిపోదు. ఉబ్బుతుంది, ఒక్కోసారి లోపలి మెత్తటి గుజ్జు కొంత బయటికి వస్తుంది. అలా వచ్చినది కూడా చాలామందిలో కొన్ని నెలల్లో తనంతట తానే కుదించుకుపోతుంది. ఇక అరుగుదల సంగతి. ఏ నొప్పీ లేని మూడు వేల మందికి పైగా మనుషుల స్కానింగులను పోగుచేసి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. నొప్పి లేని ఇరవై ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్కులు అరిగి కనిపించాయి. యాభై ఏళ్ల వాళ్లలో 80 శాతం, ఎనభై ఏళ్ల వాళ్లలో 96 శాతం. డిస్కు ఉబ్బు యాభై ఏళ్ల వాళ్లలో 60 శాతం మందికి ఉంది. మళ్లీ చెబుతున్నాను, వీళ్లెవరికీ నొప్పి లేదు. తల నెరిసినట్టే డిస్కూ నెరుస్తుంది. ఈ ఒక్క మాట ఆ రోజు ఎవరైనా మా అమ్మాయికి చెప్పి ఉంటే, నేను మా మనవరాలిని ఎత్తుకోవడానికి దాని మూడో పుట్టినరోజు దాకా ఆగి ఉండేవాడిని కాదు.

అంటే నొప్పి ఉత్తిదా? కాదు. ఎవరైనా "అది నీ ఊహ" అంటే నమ్మకండి. నొప్పి నూటికి నూరు పాళ్లూ నిజం. కానీ నొప్పి ఎంత ఉందో, లోపల దెబ్బ అంత ఉందని లెక్క కాదు. మన ఊరి వాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. ఆ రోజు ఇక్కడున్నవాళ్లు ఆ హోరు ఈ జన్మకు మరచిపోరు. ఆ తర్వాత చాలా నెలల వరకు మా ఇంట్లో ఏం జరిగేదంటే, రాత్రి గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటే అందరం లేచి కూర్చునేవాళ్లం. గాలి నిజమే, గుండె దడ కూడా నిజమే. తుఫాను మాత్రం లేదు. దెబ్బ తిన్న ఊరు చిన్న గాలికి కూడా పెద్ద తుఫానుకు లేచినట్టు లేచింది. ఏళ్ల తరబడి నొప్పి పడిన నరాల వ్యవస్థ అచ్చం అలాగే ఉంటుంది. మొదటి దెబ్బ ఎప్పుడో మానిపోతుంది, కానీ హెచ్చరిక జెండా దింపడం దానికి తెలియదు. వంగితే హెచ్చరిక, ఎక్కువసేపు కూర్చుంటే హెచ్చరిక, నిద్ర చాలకపోతే హెచ్చరిక, ఇంట్లో మాటా మాటా పెరిగినా హెచ్చరికే. దాన్ని కసిరితే పోదు. "ఇది ఉత్త గాలే" అని రోజూ కొద్దికొద్దిగా చూపించి, నమ్మకం కలిగించాలి. ఇంట్లో మనం మళ్లీ కిటికీలు తెరుచుకుని నిద్రపోవడం అలవాటు చేసుకున్నది కూడా అలాగే కదా.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి గట్టిగా చెప్పాల్సిన సంగతి ఉంది. కొన్ని గాలులు నిజంగానే తుఫాను. నడుము నొప్పితో పాటు మూత్రం రాకపోయినా, మూత్రం గానీ మలం గానీ తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోయినా, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్లండి. తెల్లారే దాకా ఆగవద్దు. కాలులో బలం తగ్గుతూ పోతున్నా, పాదం ఈడుస్తున్నా ఆలస్యం చేయకండి. మెడ నొప్పి ఉన్నవాళ్లకు చొక్కా గుండీ పెట్టుకోవడం రాకపోతున్నా, నడకలో తూలుతున్నా అంతే. సాయంకాలాలు జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట పెరిగే నొప్పి ఉంటే వెన్నెముక క్షయ కావచ్చు. మన దేశంలో అది అరుదు కాదు. మందులతో నయమవుతుంది, కానీ కనిపెట్టాలి. ఇంతకుముందు క్యాన్సరు వచ్చినవాళ్లు, పడిపోయి దెబ్బ తగిలినవాళ్లు డాక్టరుకు చూపించకుండా నేను చెప్పే ఏ పనీ మొదలుపెట్టవద్దు.

సరే. నేను చేసిన తప్పులకు వస్తాను. మొదటి ఏళ్లలో నడుము బెల్టు కట్టుకునేవాడిని, మెడకు కాలరు పెట్టుకునేవాడిని, బరువులు కట్టి వెన్నును లాగే ట్రాక్షన్ కూడా పెట్టించుకున్నాను. వాటికి పెట్టిన ఖర్చుకు నేను బాధపడను. బెల్టు లేకపోతే ఇంట్లోంచి బయటికి రాలేననే భయం నాలో పెంచుకున్నందుకు బాధపడతాను. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుము నొప్పి మీద మొదటిసారిగా మార్గదర్శకాలు ఇచ్చింది. బెల్టులూ ట్రాక్షనూ మామూలుగా వాడవద్దని అందులో ఉంది. చేయమన్నవి ఏమిటి? నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పడం, వ్యాయామం, మనసుకు సంబంధించిన సాయం, అవసరమైతే కొన్ని మందులు. నడుము నొప్పి ఉన్నవాళ్లు 2020 నాటికి ప్రపంచంలో 61.9 కోట్ల మంది అని లెక్క కట్టారు. ఇంతమందికి ఆపరేషను బల్ల మీద జవాబు దొరకదు.

రెండో తప్పు మంచం. పట్టేసినప్పుడల్లా వారం పడుకునేవాడిని. 1995లో అచ్చయిన ఒక పరిశీలన ఉంది. హెల్సింకీ నగరంలో అప్పుడే నడుము పట్టేసిన ఉద్యోగులను 186 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టు రెండు రోజులు మంచం మీద. ఇంకొక జట్టుకు నడుము వ్యాయామాలు. మూడో జట్టును "నొప్పి ఒప్పుకున్నంత మేరకు మీ మామూలు పనులు చేసుకోండి" అని పంపేశారు. తొందరగా కోలుకున్నది ఆ మూడో జట్టే.

మూడో తప్పు, నా జీవితంలో అన్నిటికంటే ఖరీదైనది, మంచి రోజున చేసినది. దీని గురించే నేను అసలు మాట్లాడాలనుకున్నది.

మా ఇంట్లో సింహాద్రి అప్పన్న అంటే ప్రాణం. ఆషాఢ పౌర్ణమి ముందు రోజున జరిగే గిరి ప్రదక్షిణ, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, నొప్పి రాక ముందు ప్రతి ఏడాదీ చేసేవాడిని. మధ్యలో ఏళ్ల తరబడి వెళ్లలేదు. ఒక ఏడాది ఆషాఢంలో నాకు పది రోజులు ఒళ్లు తేలికపడింది. స్వామి దయ అనుకున్నాను. కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరాను. వాన తుంపర, గోవింద నామాలు, దారి పొడవునా మజ్జిగ ఇచ్చే చేతులు. పూర్తి చేశాను. తెల్లవారి ఇంటికి వచ్చి స్నానం చేసి పడుకున్నవాడిని, మళ్లీ నా అంతట నేను బాత్రూముకు నడిచింది పదకొండో రోజున. పూర్తిగా తేరుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో నా కండరాలకు ఉన్న కాస్త బలమూ పోయింది. ముందున్న చోటికంటే వెనక్కి వెళ్లాను.

మీకు గిరి ప్రదక్షిణ కాకపోవచ్చు. సంక్రాంతి ముందు ఒళ్లు బాగుందని అటకంతా దింపి ఇత్తడి సామాను తోమడం కావచ్చు, నాలుగు బకెట్ల దుప్పట్లు ఒకేసారి ఉతకడం కావచ్చు. నొప్పి లేని రోజున మనకు ఒక ఆత్రం పుడుతుంది. మళ్లీ ఈ రోజు రాదేమో, ఉన్న పనులన్నీ ఇవాళే అయిపోవాలి. చేసేస్తాం. మర్నాడు కూలబడతాం. నాలుగు రోజులు పడుకుని, మళ్లీ మంచి రోజు రాగానే మళ్లీ అదే. ప్రతిసారీ మంచి రోజు చిన్నదవుతుంది, చెడ్డ రోజులు పెరుగుతాయి.

ఈ చక్రం నుంచి నన్ను బయటికి లాగింది ఒక ఫిజియోథెరపిస్టు, మా అమ్మాయి వయసు పిల్ల. మొదటి రోజే అంది, "బాబాయి గారూ, నొప్పి ఎంత ఉందని నేను అడగను. ఎన్ని నిమిషాలు నడిచారో రాసుకుని రండి." ఒక రూళ్ల పుస్తకం కొన్నాను. ఇదిగో, ఇదే. అట్ట ఊడిపోతే మా ఆవిడ గోధుమరంగు కాగితం వేసింది. మొదటి పేజీ చదువుతాను. "సోమవారం. నడక 8. కూర్చోవడం 20. నిలబడటం 10. మంగళవారం. నడక 12. కూర్చోవడం 25. బుధవారం. నడక 10. సాయంత్రం కాలు లాగింది." అన్నీ నిమిషాలు. మూడు రోజుల నడక కలిపి మూడుతో భాగిస్తే పది. ఆమె ఆ పదిలోంచి రెండు తీసేసింది. "ఎనిమిది నిమిషాలు. రోజూ. బాగున్న రోజూ ఎనిమిదే, బాగాలేని రోజూ ఎనిమిదే. వారానికి ఒక్క నిమిషం పెంచండి."

నాకు ఏడుపు వచ్చినంత పనైంది. 32 కిలోమీటర్లు నడిచినవాడిని ఎనిమిది నిమిషాలా? కానీ లెక్క వేసి చూడండి. వారానికి ఒక నిమిషం పెంచితే 22 వారాలకు 30 నిమిషాలు. అయిదు నెలలు. నేను అంతకు ముందు పన్నెండేళ్లు పోగొట్టుకున్నాను.

చెడ్డ రోజున ఎనిమిది నిమిషాలు నడవడం కష్టమని మీరు అనుకుంటారు. నిజానికి అది కాదు కష్టం. గడియారం చూసుకుని మంచి రోజున ఎనిమిదో నిమిషానికి వెనక్కి తిరగడం కష్టం. రామకృష్ణా బీచిలో పొద్దున్నే గాలి చల్లగా ఉంటుంది, కాళ్లు తేలికగా ఉంటాయి, కాళీ గుడి దాటి జలాంతర్గామి మ్యూజియం దాకా వెళ్లి వద్దామనిపిస్తుంది. అక్కడ ఆగాలి. నేను మొదటి నెలలో మూడుసార్లు తప్పాను. మూడుసార్లూ పుస్తకంలో ఆ తర్వాతి రోజుల గళ్లు ఖాళీగా ఉన్నాయి, చూపిస్తాను, సిగ్గేమీ లేదు. రాసుకోబట్టే నాకు కనిపించింది. నోటి లెక్కలో మనిషి ఎప్పుడూ "నిన్న ఏమీ చేయలేదు, ఊరికే వచ్చింది" అనే అంటాడు.

నడకే ఎందుకని అడుగుతారు. ఖర్చు లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. 2024లో ఆస్ట్రేలియాలో 701 మంది మీద చేసిన ఒక పరిశీలన వచ్చింది. నడుము నొప్పి వచ్చి తగ్గినవాళ్లు వాళ్లు. కొందరికి ఫిజియోథెరపిస్టు సలహాతో మెల్లగా నడక పెంచుకునే పద్ధతి నేర్పారు, మిగిలినవాళ్లకు ఏమీ నేర్పలేదు. ఏమీ నేర్పనివాళ్లలో సగం మందికి 112 రోజులు గడిచేసరికి నొప్పి తిరగబెట్టింది. నడక నేర్పినవాళ్లలో సగం మందికి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది. నొప్పిని చెరిపేయలేదు, దూరం జరిపింది. నాకు ఆ మాటే నచ్చింది, అబద్ధం లేదు కాబట్టి. ఈత వచ్చినవాళ్లు ఈత, యోగా ఇష్టమైనవాళ్లు యోగా. ఏది రోజూ చేయగలరో అదే మీకు మంచిది.

మెడ గురించి కొద్దిగా. నిటారుగా కూర్చోండి అని అందరూ అంటారు. ఎంత మంచి భంగిమైనా రెండు గంటలు కదలకుండా ఉంటే మెడ బిగుసుకుంటుంది. క్రేనులో నా మెడను చెడగొట్టింది వంగడం ఒక్కటే కాదు, వంగి కదలకుండా ఉండటం. కంప్యూటర్ ముందు పనిచేసే పిల్లలు, అరగంటకు ఒకసారి లేవండి, నీళ్లు తాగండి, భుజాలు తిప్పండి. ఫోను కళ్ల ఎత్తుకు తెచ్చుకోండి. దిండు సంగతి అందరూ అడుగుతారు. పక్కకు పడుకున్నప్పుడు భుజానికీ చెవికీ మధ్య ఖాళీ నిండేంత ఉంటే చాలు.

మాత్రలు. నొప్పి మాత్రలు వేసుకోవద్దని నేను చెప్పను, అది డాక్టరు చెప్పాలి. కానీ సందు చివర షాపులో అడిగి నెలల తరబడి వేసుకోవడం మానండి. కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు దెబ్బ. బి.పి., షుగరు ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం. మూత్రపిండాలు పాడైతే ఒక ఇల్లు ఏమవుతుందో ఉద్దానం వైపు బంధువులున్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

నొప్పి ఎగదన్నే రోజు తప్పకుండా వస్తుంది. ఆ రోజు బుర్ర పనిచేయదు. అందుకని ఏం చేయాలో మంచి రోజునే రాసి పెట్టుకోవాలి. మా బీరువా తలుపు లోపల ఒక కాగితం అతికించి ఉంది, నా చేతిరాతే. "ఇంతకుముందూ వచ్చింది, తగ్గింది. ప్రమాద లక్షణాలు ఉన్నాయా? లేవు. నడక సగానికి తగ్గించు, మానకు. వేడినీళ్ల సంచి 15 నిమిషాలు. ఊపిరి మెల్లగా వదులు. ఎవరికైనా ఫోను చెయ్యి, నొప్పి గురించి మాత్రం మాట్లాడకు." ఆ చివరి వాక్యం మా ఆవిడ రాయించింది.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. "మీరు కూర్చోండి, నేను చేస్తాను" అనేది ప్రేమతోనే అంటారు. కానీ అన్ని పనులూ మీరే లాక్కుంటే ఆ మనిషికి తన ఒంటి మీద ఉన్న నమ్మకం కూడా లాక్కున్నట్టే. మా ఆవిడ పొద్దున్నే "నొప్పి ఎలా ఉంది?" అని అడగడం మానేసింది. "ఇవాళ ఎన్ని నిమిషాలు?" అంటుంది. నా చెప్పుల పట్టీలు ఇప్పుడు నేనే పెట్టుకుంటున్నాను.

పోయిన ఆషాఢంలో మళ్లీ తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టాను. అడివివరం దాటి ముడసర్లోవ దాకా నడిచాను. ఒంట్లో ఇంకా సత్తువ ఉంది. కాళ్లు ముందుకు లాగుతున్నాయి, చుట్టూ జనం గోవింద కొడుతున్నారు. నా పుస్తకంలో ఆ రోజుకు రాసుకున్నది అంతవరకే. కొండ వైపు తిరిగి దండం పెట్టుకుని ఆటో ఎక్కాను. మర్నాడు ఉదయం అయిదున్నరకు బీచిలో ఉన్నాను. ఆ రోజు గడిలో రాసినది చదువుతాను. "నడక 40. మెడ కొద్దిగా బిగుసుకుంది."

ఇప్పుడు గడియారం చూస్తే నేను నిలబడి 25 నిమిషాలు అయింది. ఇవాళ ఒళ్లు బాగుంది, ఇంకా నిలబడగలను. కానీ నా నిలబడే కొలత ఇప్పుడు 25. ఆ కుర్చీ ఇలా జరపండి బాబూ. నేను కూర్చుంటాను, మీరు అడగండి.